నాన్న నాడి చూసుకుంటున్న రాత్రి

నాన్నకి గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేసి ఇంటికి పంపాక మేమంతా మాత్రల మీద పడ్డాం. పొద్దున ఏవి, రాత్రి ఏవి, ఉప్పు ఎంత, బీపీ ఎంత అని గోడకి కాగితం కూడా అంటించాం. మూడో వారంలో ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేస్తే, నాన్న చీకట్లో మంచం మీద కూర్చుని, ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ నాడి లెక్కపెట్టుకుంటున్నారు. ఏంటి నాన్నా అంటే, "నిద్రపోతే మళ్లీ లేస్తానో లేదో అని" అన్నారు. అన్ని రోజులుగా ఆ భయం లోపలే పెట్టుకున్నారు. మేమూ అడగలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందట, అది ఉన్నవాళ్లు కోలుకోవడం కూడా కష్టమవుతుంది. టెన్షన్ పడ్డప్పుడు అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ లేస్తుంది, రక్తం తొందరగా గడ్డకట్టే వైపు వెళ్తుంది. కాసేపైతే శరీరం సర్దుకుంటుంది గానీ నెలల తరబడి అదే పనైతే రక్తనాళాలు తట్టుకోలేవు. పైగా దిగులు పట్టిన మనిషి నడకకి వెళ్లడు, మాత్ర వేసుకోడు, మానేసిన సిగరెట్ మళ్లీ ముట్టిస్తాడు. నన్నడిగితే ఎక్కువ నష్టం ఇక్కడే.

గుండె పగిలింది అని ఊరికే అంటాం కదా, దాదాపు అలాంటి జబ్బే ఒకటుంది, టకోట్సుబో. 1990లో జపాన్ డాక్టర్లు పెట్టిన పేరు, ఆక్టోపస్‌లని పట్టే కుండ అని అర్థం. అయినవాళ్లు పోయినప్పుడో, పెద్ద షాక్ తగిలినప్పుడో గుండె కింది భాగం ఆ కుండలా ఉబ్బిపోతుంది, ఎక్కువగా 50 దాటిన ఆడవాళ్లలో. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కానీ నొప్పి మాత్రం అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, పరీక్షలు చేస్తే గానీ తేడా తెలియదు. అందుకే ఛాతీలో నొప్పి వస్తే "టెన్షన్ వల్లేలే" అని దయచేసి ఇంట్లో కూర్చోకండి.

తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు నిద్ర సంగతి డాక్టర్‌కి నేనే చెప్పాను. ఆయన మందుల చీటీ పక్కన పెట్టి పావుగంట నాన్నతోనే మాట్లాడారు, కౌన్సెలర్ దగ్గరికి కూడా పంపారు. ఇప్పటికీ కొన్ని రాత్రులు నాన్న నాడి చూసుకుంటారు. కాకపోతే ఇప్పుడు నన్ను లేపుతున్నారు.