పుస్తకం వెన్ను మీది అంకెలను చదవడం ఎలా

గ్రంథాలయంలోని కంప్యూటరులో పుస్తకం పేరు కొట్టగానే అది ఉన్నదో లేదో తెలిసిపోతుంది, పక్కనే దాని కాల్ నంబరు కూడా కనిపిస్తుంది. అయినా ఆ నంబరును కాగితం మీద రాసుకుని అరల దగ్గరికి వెళ్లిన విద్యార్థులు చాలామంది కాసేపు అటూ ఇటూ తిరిగి, పుస్తకం లేదండీ అంటూ ఉత్త చేతులతో వెనక్కి వస్తుంటారు. తరచుగా పుస్తకం అక్కడే ఉంటుంది. ఆ నంబరును చదివే పద్ధతిని బడిలో గాని కళాశాలలో గాని కూర్చోబెట్టి చెప్పేవారు లేకపోవడమే ఇందుకు కారణమని నా గట్టి నమ్మకం. అందుకే ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. పుస్తకం లోపలి పుటలో ముద్ర వేసి రాసే యాక్సెషన్ నంబరు, ఆ పుస్తకం గ్రంథాలయానికి ఎన్నవదిగా చేరిందో చెప్పే వరుస సంఖ్య మాత్రమే. దానితో అరలో వెదకడం సాధ్యం కాదు. వెన్ను మీద అంటించిన చీటీలో ఉండేది కాల్ నంబరు. అందులోని పై వరుస విషయాన్ని, కింది వరుస రచయితను సూచిస్తాయి. మన దేశంలో ఎక్కువ గ్రంథాలయాలు ఆ పై వరుసకు వాడేది అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణను. అది విజ్ఞానాన్నంతా పది వర్గాలు చేసి, ఒక్కొక్క వర్గాన్ని మళ్లీ పదిగా, వాటిని మళ్లీ పదిగా విభజిస్తూ పోతుంది. కాబట్టి ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క అంకె దాటిన కొద్దీ విషయం సన్నబడుతూ వస్తుంది.

తెలుగు సాహిత్యానికి ఆ పద్ధతిలో ఇచ్చిన సంఖ్య 894.827. మొదటి 8 సాహిత్యానికి గుర్తు, 894.8 దగ్గరికి వచ్చేసరికి అది ద్రావిడ భాషల సాహిత్యం అవుతుంది, 894.827 అంటే తెలుగు. తమిళానికి 894.811, మలయాళానికి 894.812, కన్నడానికి 894.814 ఉన్నాయి. ఆ తరువాత 1 చేరిస్తే కవిత్వం, 2 చేరిస్తే నాటకం, 3 చేరిస్తే కథలూ నవలలూ, 4 చేరిస్తే వ్యాసాలు. ఇంగ్లీషు సాహిత్యానికి 820 నుంచి 829 దాకా పూర్తి స్థలం ఇచ్చి, వేయేళ్ల కావ్య సంప్రదాయం ఉన్న భాషను దశాంశ బిందువు తరువాత మూడో స్థానంలో కూర్చోబెట్టడం న్యాయం కాదని నేను అనుకుంటాను. అయితే ఉన్న పద్ధతిని చదవడం నేర్చుకోక తప్పదు.

అసలు చిక్కు దశాంశ బిందువు దగ్గరే వస్తుంది. వరి సాగు పుస్తకాలకు 633.18, పత్తి సాగుకు 633.51, నారపంటలన్నిటికీ కలిపి 633.5 అని సంఖ్యలున్నాయి. బిందువు తరువాతి భాగాన్ని పద్దెనిమిది, అయిదు అని మామూలు సంఖ్యలుగా చదివేవారు 633.5 ముందు, 633.18 తరువాత ఉంటుందని ఆశించి తప్పు అరలో వెదుకుతారు. దాన్ని ఒకటి, ఎనిమిది అని విడివిడి అంకెలుగా చదవాలి. మొదటి అంకె 1 గనుక వరి ముందు వస్తుంది, 5 గనుక నారపంటలు తరువాత వస్తాయి. సంఖ్య పొడవుకు వరుసలో ఏ ప్రాధాన్యమూ లేదు. 894.82713 అనే పొడుగు సంఖ్య 894.8272 కంటే ముందే ఉంటుంది.

వరి ఉదాహరణ ఇంకొక సంగతి కూడా చెబుతుంది. ఒకే వస్తువును గురించిన పుస్తకాలన్నీ ఒకేచోట ఉండవు, ఎందుకంటే డ్యూయీ పద్ధతి వస్తువును కాక, దాన్ని ఏ శాస్త్రం దృష్టితో చూస్తున్నామో దాన్ని ముందు పట్టించుకుంటుంది. సాగు వ్యవసాయంలో 633.18 దగ్గర, బియ్యం ఉత్పత్తి, ధరల చర్చ అర్థశాస్త్రంలో 338.17318 దగ్గర, అన్నం వండే విధానాలు పాకశాస్త్రంలో 641.6318 దగ్గర ఉంటాయి. మూడింటి చివరా 318 ఉన్నది, గమనించండి. అది యాదృచ్ఛికం కాదు, వ్యవసాయం నుంచి తెచ్చి అతికించిన ముక్క. భారతదేశానికి 54 అనే గుర్తు కూడా ఇలాగే తిరుగుతూ ఉంటుంది: భారత చరిత్ర 954, భారత ఆర్థిక పరిస్థితులు 330.954, భారత రాజకీయాలు 320.954. పోటీ పరీక్షలకు చదివేవారు ఈ మూడు సంఖ్యలు గుర్తుంచుకుంటే పెద్ద గ్రంథాలయంలో కూడా తడుముకోకుండా నడవగలరు.

రామాయణం కోసం వచ్చేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. మతగ్రంథంగా భావించిన ప్రతులు 294.5922 దగ్గర, తెలుగు కావ్యంగా భావించినవి 894.8271 దగ్గర ఉండవచ్చు. ఒకచోట దొరకకపోతే రెండోచోట చూడాలి.

ఇక కింది వరుస. తెలుగు పుస్తకాల విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఒకే వర్గ సంఖ్య ఉన్న నవలలన్నిటినీ రచయిత పేరులోని మొదటి మూడు అక్షరాలతో వరుసగా పేర్చడం మన దగ్గర విరివిగా ఉన్న అలవాటు. పాశ్చాత్యుల పేర్లలో ఇంటిపేరు చివర వస్తుంది గనుక వారి నియమం చివరి మాటను పట్టుకుంటుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పైగా దాన్ని పొడి అక్షరంగా కుదించి రాసుకుంటాము. వి. సుబ్బారావు అనే పేరును ఒక గ్రంథాలయం ఇంటిపేరు కింద చేరుస్తుంది, మరొకటి సుబ్బారావు కింద చేరుస్తుంది, ఇంగ్లీషులో పేరు విడదీసి ఉంటే ఇంకొకటి రావు కింద వేస్తుంది. ఇక కలం పేరుతో రాసేవారికి అసలు పేరు వాడాలా, కలం పేరు వాడాలా అన్నది మరో ప్రశ్న. చీటీ మీది అక్షరాలు కొన్నిచోట్ల ఇంగ్లీషులో, కొన్నిచోట్ల తెలుగులో ఉంటాయి, దానితో అక్షరక్రమమే మారిపోతుంది. అందుచేత రచయిత పేరును ఊహించుకుని అరకు వెళ్లవద్దు. కంప్యూటరులో చూపిన మూడు అక్షరాలనూ ఉన్నవి ఉన్నట్టు రాసుకుని వెళ్లండి. అక్కడ కనిపించకపోతే అదే వర్గ సంఖ్య ఉన్న అరలన్నీ ఒకసారి చూడండి, గ్రంథాలయం పెద్దదైతే ఈ పనికి కొంత ఓపిక కావాలి.

సంఖ్యకు ముందు ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది సాధారణంగా రిఫరెన్సు విభాగంలోనిది, ఇంటికి ఇవ్వరు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ వేరే దారి తొక్కింది. అందులో ముందే సిద్ధం చేసిన సంఖ్యను వెదికి ఇవ్వడం కాకుండా, విషయాన్ని అంశాలుగా విడదీసి, ఒక్కొక్క అంశానికి గుర్తు వేసి, మధ్యలో విరామ చిహ్నాలతో కలుపుతారు. ఇంగ్లీషు ఎల్ అక్షరం వైద్యశాస్త్రం, 45 ఊపిరితిత్తులు, 421 క్షయ, 44 భారతదేశం అని విడివిడిగా చదువుకుంటే సంఖ్య మొత్తం ఒక వాక్యంలా అర్థమవుతుంది. చూడడానికి జటిలంగా ఉన్నా, విషయాన్ని ఇంత నిజాయితీగా విప్పి చూపే పద్ధతి నాకు మరొకటి కనిపించదు.

అమెరికాకు చదువుకు వెళ్లే మనవాళ్లకు అక్కడి విశ్వవిద్యాలయాలలో ఎక్కువగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణ ఎదురవుతుంది. తెలుగు భాషా సాహిత్యాలు అక్కడ పీఎల్ 4771 నుంచి 4780 వరకు ఉంటాయి, పైథాన్ అనే కంప్యూటరు భాష పుస్తకాలు క్యూఏ 76.73 పీ98 దగ్గర ఉంటాయి. ఇక్కడ వర్గ సూచక అక్షరాల వెంట, బిందువుకు ముందు వచ్చే సంఖ్యను పూర్ణసంఖ్యగా చదవాలి, కాబట్టి క్యూఏ 9 ముందు, క్యూఏ 76 తరువాత వస్తాయి. ఆ తరువాత వచ్చే పీ98 వంటి గుర్తులో మాత్రం అంకెలను మళ్లీ దశాంశంగా చదవాలి, కాబట్టి పీ35 ముందు, పీ4 తరువాత వస్తాయి. ఒకే చీటీలో రెండు లెక్కలు ఉన్నాయని తెలియక అక్కడ తెలివైన విద్యార్థులు కూడా తికమకపడతారు.

ఏ పద్ధతి వాడే గ్రంథాలయమైనా సరే, తీసి చూసిన పుస్తకాన్ని మీరే తిరిగి అరలో పెట్టకండి, బల్ల మీద వదిలివేయండి. నాలుగు పుస్తకాల అవతల పెట్టినా కాల్ నంబరు పట్టుకుని వచ్చే తరువాతి పాఠకుడికి అది దొరకదు, సిబ్బంది ఆ అర మొత్తం సరిచూసేదాకా కంప్యూటరు మాత్రం పుస్తకం ఉన్నదనే చూపిస్తూ ఉంటుంది.