రేషన్ లైన్లో పాత పేరు

2020 మార్చిలో హైదరాబాద్‌లో హిజ్రాలతో మాట్లాడితే కరోనా వస్తుందని పోస్టర్లు అంటించారు, గుర్తుందా? వెంటనే లాక్‌డౌన్, ఇక షాపుల దగ్గర అడగడానికి లేదు, శుభకార్యాలు లేవు, చేతిలో పైసా లేదు. బియ్యానికి కార్డు కావాలి, ఇంట్లోంచి గెంటేస్తే బయటపడ్డ మనిషి పేరు ఇంకా ఊళ్ళో అమ్మానాన్నల కార్డులోనే ఉంటుంది, అదీ పాత పేరు!

మా వీధి రేషన్ షాపులో ఒకసారి చూశా, చీర కట్టుకున్నావిడ మిషన్ మీద వేలు పెట్టగానే డీలర్ స్క్రీన్ మీదున్న మగ పేరు గట్టిగా చదివాడు, లైనంతా తిరిగి చూసింది. ఆవిడ మాత్రం సంచి నోరు తెరిచి "తూకం సరిగ్గా చూడన్నా" అంది.

2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆధార్‌లో పేరు, జెండర్ మార్చుకోవచ్చు. రేషన్ కార్డు విషయంలో క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి) జంటల్ని ఒకే ఇంటివాళ్ళుగా చూడమని 2024లో కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది కూడా. మంచిదే, కానీ ఆ మాట మా డీలర్ దాకా వచ్చిందంటే నేన్నమ్మను.

నాకైతే ప్రభుత్వ క్యాంటీన్లో 5 రూపాయల భోజనమే నయం అనిపిస్తుంది, కార్డూ లేదు పేరూ లేదు, డబ్బులిచ్చి ప్లేట్ తీసుకోడమే.

సరుకుల కిట్లు పంచేవాళ్ళకి ఒక్క మాట, దయచేసి ఫోటోలు తీయకండి, ఇంట్లో చెప్పుకోలేని గే కుర్రాళ్ళు కెమెరా కనబడితే ఆకలితోనే వెనక్కి పోతారు. రూంలో స్టవ్ ఉందో లేదో కూడా అడగండి, లేనివాళ్ళకి పచ్చి కందిపప్పు ఇచ్చి ఏం లాభం.