150వ కీర్తనలో డప్పుకూ చోటుంది

బైబిల్లోని 150వ కీర్తన చదువుతుంటే పెద్ద మేళమే కళ్లముందు కదులుతుంది. బూర, స్వరమండలము, సితారా, తంబుర, పిల్లనగ్రోవి, మ్రోగు తాళములు... చివరి వచనానికి వచ్చేసరికి వాయిద్యాలేవీ ఉండవు. "సకల ప్రాణులు యెహోవాను స్తుతించుదురు గాక." ఊపిరి ఉంటే చాలు, పాడొచ్చు. గొంతు బాగున్నవాళ్లే పాడాలని ఎక్కడా లేదు (క్వయర్ మాస్టర్లు కోప్పడకండి!).

నల్లగొండలో క్రిస్మస్‌కు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ రోజుల్లో కాలేజీ పిల్లలూ ఊళ్ల సంఘాలవాళ్లూ కలిసి పాడే సువార్త సంగీత సభలు చూస్తే ఈ వచనం ఇంకా బాగా బోధపడుతుంది. పిల్లలు కీబోర్డు, గిటార్, ప్యాడ్స్ తెస్తారు. ఆటోలు దిగే అవ్వలు కంజీరలు పట్టుకొస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వాళ్లకు కంఠతా వచ్చు. చదువు రాకపోయినా, ఒకరు చరణం చెబితే అందుకొని నేర్చుకున్నారు. రిహార్సల్లో గొడవంతా శ్రుతి దగ్గరే. పిల్లలు ఎత్తుకున్న శ్రుతి అవ్వలకు అందదు. "జర కిందికి దించు బిడ్డా" అంటే కీబోర్డు అబ్బాయి నవ్వి దించుతాడు. నన్నడిగితే స్తుతి అప్పుడే మొదలైనట్టు.

డప్పు దగ్గర మాత్రం విషయం అంత తేలిక కాదు. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో మిషన్ పని మొదలుపెట్టారు. ఇక్కడి సంఘాల్లో చేరినవాళ్లలో మాల, మాదిగ కుటుంబాలే ఎక్కువ. వాళ్లలో మాదిగలవి చావుకూ జాతరకూ వెట్టిగా డప్పు కొట్టిన చేతులు. ఆ డప్పు మళ్లీ చర్చిలోకి ఎందుకని పట్టుబట్టిన పెద్దలున్నారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది.

అమెరికాలోనూ ఇలాగే జరిగింది. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ అప్పుల్లో ఉంటే, దాన్ని నిలబెట్టడానికి విద్యార్థులే ఊరూరా తిరిగి పాడారు. వాళ్లలో చాలామంది బానిసత్వంలో పుట్టినవాళ్లే. అమ్మానాన్నలు పాడుకున్న పాటల్ని నలుగురి ముందు పాడటానికి మొదట్లో సిగ్గుపడ్డారు, ఆ పాటలు వింటే బానిస రోజులే గుర్తొచ్చేవి మరి. చివరికి వాళ్లకు పేరు తెచ్చినవీ, యూనివర్సిటీని ఆదుకున్నవీ అవే. ఇవాళ మనం గాస్పెల్ అంటున్న సంగీతానికి వేళ్లు ఆ పాటల్లోనే ఉన్నాయి.

అందుకే చర్చి వెనక గడ్డిమంట వేసి, డిగ్రీ చదివే కుర్రాడు డప్పు కాచుకుంటుంటే నాకు సంతోషం. తోలు బిగిసిందా లేదా అని వేలితో కొట్టి చూసి, కుడిచేత సిర్ర అనే పుల్ల, ఎడమచేత చిటికెన పుల్ల పట్టుకొని అవ్వలు పాడే కీర్తనకే దరువేస్తాడు. పాపం వెట్టిది, డప్పుది కాదు.

సభ పెట్టే అయ్యగార్లకు ఒక్క మనవి. డప్పును ఆఖరున, జనం భోజనాల లైనుకు లేచాక పిలుస్తున్నారు. ఈసారి మొదటి పాటకే పిలవండి.