క్లినిక్ నడిపే డాక్టరు లోపలి దెప్పిపొడుపును ఎట్లా పట్టుకోవాలి

గార పళ్లకు కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) వేయించుకొని పోయిన మనిషి పది రోజులకే ఊడిన ముక్క పట్టుకొని మర్రిగూడ నుంచి మళ్లీ వస్తే, నల్లగొండలో డెంటల్ క్లినిక్ నడిపే డాక్టరుకు ముందు వినబడేది పేషెంటు మాట కాదు. లోపల ఒక గొంతు అప్పటికే అందుకుంటుంది: "నీతోని కాదు. పేరుకే పెద్ద డాక్టరువు. జనం హైదరాబాద్ పోతున్నరంటే పోరా మరి?"

ఈ గొంతుకు ఒక ఆనవాలు ఉంది. మనిషి మీద తీర్పు చెప్తుంది కానీ పని గురించి ఒక్క వివరం కూడా అడగదు. "ఎప్పుడూ", "ఏదీ", "అందరూ" అనే మాటలు దానికి ఊతపదాలు. ఎక్కువగా ఓపీ అయిపోయి షట్టర్ దించే వేళకో, ఒక్క స్టార్ రివ్యూ చూసినప్పుడో మొదలవుతుంది. దవడ బిగుసుకోవడం, భుజాలు పైకి లేవడం మాట కంటే ముందే తెలిసిపోతాయి.

పనిని అడిగి చూడండి, తేడా అక్కడ కనబడుతుంది. మామూలు ఎనామెల్‌కు (పంటి గట్టి పైపొరకు) 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌తో 15 నుంచి 30 సెకన్ల ఎచింగ్, అంటే ఫిల్లింగ్ పట్టేలా యాసిడ్‌తో గరుకు చేయడం, సరిపోతుంది. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లకు గార పట్టే జబ్బు) ముదిరిన పంటి పైపొర మాత్రం యాసిడ్‌కు అంత తొందరగా లొంగదు. అదే సమయం ఇస్తే బాండింగ్‌కు, అంటే ఫిల్లింగ్‌ను పంటికి అతికించే పొరకు, పట్టు దొరకదు. పైపొరను కొద్దిగా గరుకు చేశారా, ఎచింగ్ సమయం పెంచారా, రబ్బర్ డ్యామ్ (పంటికి ఉమ్మి తగలకుండా కట్టే రబ్బరు తెర) పెట్టారా, మధ్యలో ఉమ్మి తగిలిందా? ముక్క ఊడడానికి కారణం ఈ నాలుగు ప్రశ్నల్లో ఎక్కడో దొరకవచ్చు. "నీతోని కాదు" అన్న తీర్పులో వెతికితే మాత్రం దొరకదు.

అందుకే ఆ మాటను ఉన్నదున్నట్టు, అది మాట్లాడిన యాసలోనే కాగితం మీద ఒక్క వరుసలో రాయాలి. దాని కింద జరిగింది రాయాలి: ఏ పన్ను, ఏ తేదీ, ఏ మెటీరియల్. మూడో వరుసలో రేపు చేసే ఒక్క పని. ఐదు నిమిషాలు చాలు. ఫోన్‌లో రాయడం మొదలుపెడితే వాట్సాప్‌లోకి పోతారు, కాగితమే మంచిది. రెండో వరుస రాసేటప్పుడు "నేను" అనకుండా మీ పేరుతోనే మిమ్మల్ని పిలుచుకోండి. ఇట్లా పేరుతో మాట్లాడుకున్నవాళ్లు ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నట్టు సైకాలజిస్టు ఈథన్ క్రాస్ బృందం 2014లో చూపించింది.

చాలామంది చేసేది ఆ గొంతును నొక్కిపెట్టడం. అది పనిచేయదు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్తే అదే పదేపదే గుర్తుకొస్తుందని సైకాలజిస్టు డేనియల్ వెగ్నర్ 1987లోనే తేల్చాడు. "నేను గొప్పోణ్ణి" అని పొగుడుకోవడం కూడా నిలవదు, మనసు నమ్మదు. ఇంకొక ప్రమాదం ఎదురు దిక్కున ఉంది: గొంతును చల్లార్చే పేరుతో నిజమైన తప్పును దాటేయడం. పొరపాటు జరిగితే పేషెంటుకు చెప్పాలి, కేస్ షీట్‌లో రాయాలి. ఇందులో రాజీ లేదు.

చికిత్స నడుమ ఆ గొంతు లేస్తే రాయడం కుదరదు కదా. హ్యాండ్‌పీస్ నోట్లోంచి తీసి పక్కన పెట్టండి. నాలుగు సెకన్లు శ్వాస లోపలికి, ఆరు సెకన్లు బయటికి, మూడుసార్లు. తర్వాత చేయబోయే పనిని అసిస్టెంటుకు వినబడేలా పైకి చెప్పండి, "ఇప్పుడు కడుగుదాం, ఆరబెడదాం" అని. చేయి మళ్లీ పని మీదికి వస్తుంది.

ఒంటరి ప్రాక్టీసులో ఈ నస మీతోనే ఆగుతుంది. కింద జూనియర్లు, అసిస్టెంట్లు, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి ఉన్నప్పుడు అది వాళ్ల మీద పడుతుంది. మిమ్మల్ని మీరు ఏ మాట అనుకుంటారో, సరిగ్గా అదే మాట ట్రే ఆలస్యంగా పెట్టిన అసిస్టెంటును అంటారు. జూనియర్ చేసిన ఫిల్లింగ్‌ను చెప్పకుండా మళ్లీ చేస్తారు. కొన్నాళ్లకు వాళ్లు తప్పులు దాచడం నేర్చుకుంటారు, అప్పుడు నష్టపోయేది పేషెంటు.

నిద్ర, ఆకలి పాడై రెండు వారాలు దాటితే, బతకడం దండగ అనిపిస్తే, కాగితం మీద ఆధారపడొద్దు. సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు ఫోన్ చేయడంలో ఇజ్జత్ పోయేది ఏమీ లేదు.

క్లినిక్‌లో మాత్రం ఊడిన ఫిల్లింగుల రిజిస్టర్ ఒకటి పెట్టండి: పన్ను, ఎచింగ్ సెకన్లు, రబ్బర్ డ్యామ్ ఉందా లేదా, ఎన్ని రోజులకు ఊడింది. వారానికోసారి ఇరవై నిమిషాలు అందరూ కూర్చొని చదవాలి. మొదట చదివేది పెద్ద డాక్టరు కేసులే కావాలి.