ఒకే చక్రవర్తి, ఊరికో ముఖం: రోమన్ కంచు నాణేలతో నా అనుభవం

రోమన్ నాణేలు సేకరించేవాళ్లలో ఎక్కువమంది చక్రవర్తుల వరస పట్టుకుని వెళ్తారు. అగస్టస్ ఒకటి, నీరో ఒకటి, హేడ్రియన్ ఒకటి అంటూ ఆల్బం నింపుకుంటారు. నాకు ఆ దారి రుచించలేదు. ఒక్కో చక్రవర్తికి ఒక్కో నాణెమే ఉంటే, మనం చూస్తున్నది ఆయన ముఖమా, దాన్ని చెక్కిన పనివాడి అలవాటా అన్నది తేలదు. అందుకే నేను లెక్క తిరగేశాను. కాలం ఒకటే ఉండాలి, బొరుసు మీది బొమ్మ ఒకటే ఉండాలి, టంకశాల మాత్రం మారుతుండాలి.

దీనికి రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ కాలాన్ని మించింది లేదు. ఆయన క్రీ.శ. 294 ప్రాంతంలో నాణేల పద్ధతినంతా సంస్కరించి, పెద్ద కంచు నాణెం ఒకటి తెచ్చాడు. పరిశోధకులు దాన్ని నుమ్ముస్ అంటారు. నేనుండే జర్మనీలో అమ్మకందారులు మాత్రం ఇప్పటికీ ఫోలిస్ అనే పిలుస్తారు. బరువు సుమారు 10 గ్రాములు, వెడల్పు 27, 28 మిల్లీమీటర్లు, లోహంలో కొద్దిగా వెండి, పైన పల్చటి వెండి పూత. లండన్ నుంచి అలెగ్జాండ్రియా దాకా ఉన్న టంకశాలల్లో చాలావరకు దీన్ని ఒకే నమూనాతో కొట్టాయి. (కార్తేజ్ లాంటి చోట్ల బొరుసు వేరు. వాటిని నేను పక్కన పెట్టాను.) బొరుసు మీద రోమన్ ప్రజల రక్షక దేవుడు నిలబడి ఉంటాడు. తల మీద ధాన్యం కొలిచే కుంచం, కుడిచేతిలో అర్ఘ్యపాత్ర, ఎడమచేతిలో పండ్లు పొంగిపొర్లే కొమ్ము, భుజం మీద ఒక వస్త్రం, అంతకు మించి ఒంటి మీద ఏమీ ఉండదు. చుట్టూ 'గేనియో పోపులి రోమాని' అన్న అక్షరాలు. బొమ్మ వైపు నలుగురు పాలకుల్లో ఒకరు ఉంటారు. డయొక్లీషియన్, మాక్సిమియన్ పెద్ద చక్రవర్తులు. కాన్‌స్టాన్షియస్, గలేరియస్ వాళ్ల కింది సీజర్లు, అంటే చిన్న చక్రవర్తులు.

మొదటి అడ్డంకి ముఖాల దగ్గర కాదు, పేర్ల దగ్గరే ఎదురైంది. నాణేల మీద గలేరియస్ పేరు ఎక్కువగా మాక్సిమియానుస్ అనే ఉంటుంది. అంటే పెద్ద మాక్సిమియన్ పేరూ అదే, ఈయన పేరూ అదే. 'నోబ్ కేస్', అంటే సీజర్ హోదా రాసి ఉంటే గలేరియస్ అని, 'అవుగ్', అంటే పెద్ద చక్రవర్తి హోదా ఉంటే మాక్సిమియన్ అని పట్టుకోవచ్చు. ఆ సాయమూ 305 మే 1 వరకే. ఆ రోజున పెద్దవాళ్లిద్దరూ గద్దె దిగారు, గలేరియస్ పెద్ద చక్రవర్తి అయ్యాడు. దిగిపోయినవాళ్ల కోసం 'సీనియర్' అన్న మాటతో వేరే నాణేలు వచ్చాయి. కొద్దికాలానికే మాక్సిమియన్ మళ్లీ అధికారంలోకి వచ్చి వ్యవహారాన్ని ఇంకా చిక్కుముడి చేశాడు. 294 నుంచి 313 దాకా ఈ నాణేలన్నిటికీ ఆధారం ఆర్ఐసీ (రోమన్ ఇంపీరియల్ కాయినేజ్) అనే జాబితా ఆరో సంపుటి. అది కొనే స్తోమత లేనివాళ్లకు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఓక్రే అనే ఆన్‌లైన్ జాబితా ఉచితంగా దొరుకుతుంది. అందులో పెద్ద మ్యూజియంల నాణేల ఫొటోలు కూడా ఉన్నాయి. నా పని సగం అక్కడే నడిచింది.

కొనేటప్పుడు నేను పెట్టుకున్న షరతులు మామూలు సేకర్తలకు వింతగా అనిపించవచ్చు. నునుపుగా, అందంగా ఉన్న నాణెం కంటే అరిగినా ఎవరూ చెయ్యి పెట్టని నాణెమే నాకు కావాలి. అరిగిన జుట్టునూ గడ్డాన్నీ ఈ కాలపు చెక్కుడుపనివాళ్లు సూదిమొన ఉలితో మళ్లీ గీసి, ధర పెంచి అమ్మడం ఈ రంగంలో పాత రోగం. ముఖాలు పోల్చి చూసేవాడికి ఇంతకంటే ద్రోహం లేదు. మూడో శతాబ్దపు పనివాడి చేతిని చదువుతున్నామనుకుంటూ నిన్నటివాడి చేతిని చదువుతాం. పది రెట్లు చూపించే భూతద్దం కింద ఇది బయటపడుతుంది. అచ్చు మీద పనివాడు లోపలికి చెక్కుతాడు కాబట్టి నాణెం మీద వెంట్రుక గీతలు పైకి లేచి ఉండాలి. ఒక సంతలో నా చేతికి వచ్చిన డయొక్లీషియన్ నాణెం మీద చెవి వెనక గీతలు లోపలికి దిగి, అడుగున నిటారుగా తెగి ఉన్నాయి. చుట్టూ ముదురు గోధుమరంగు పొర, గీత అడుగున మాత్రం పచ్చి లోహం మెరుపు. మర్యాదగా తిరిగి ఇచ్చేశాను.

చిలుము సంగతి వేరు. గట్టిగా, సమంగా పట్టిన పచ్చటి పొర నాణేన్ని కాపాడుతుంది. లేత ఆకుపచ్చగా, గోకితే పిండిలా రాలేది మాత్రం కంచు జబ్బు. లోహంలో చేరిన క్లోరైడు, గాలిలో తేమ కలిసి నాణేన్ని తినేస్తాయి. తేమ తగలకుండా సిలికా జెల్‌తో దాచాలి, మెత్తటి పీవీసీ సంచుల్లో పెట్టకూడదు. ఇక పాత రశీదు లేని నాణేన్ని నేను ముట్టుకోను. మట్టిలోంచి దొంగతనంగా తవ్వితీసిన నాణెం ఏ స్థలంలో, ఏ పొరలో దొరికిందో ఇక ఎవరికీ తెలియదు.

పోల్చడంలో అసలు కష్టం వెలుతురుతో వచ్చింది. దీపం కొంచెం కిందికి దించితే గద్దముక్కు మామూలు ముక్కు అయిపోతుంది, కాస్త పైకి ఎత్తితే బుగ్గలు గుంటలు పడతాయి. రంగు కూడా కళ్లను మోసం చేస్తుంది. నల్లటి నాణెం మీది ముఖం కోపంగా, ఎర్రటి దాని మీది ముఖం ప్రశాంతంగా అనిపిస్తుంది. పూర్వం పండితులు నాణేలకు తెల్లటి ప్లాస్టర్ అచ్చులు తీసి పక్కపక్కన ఎందుకు పెట్టుకునేవాళ్లో అప్పుడు అర్థమైంది. నేను ప్లాస్టర్ జోలికి వెళ్లలేదు. దీపాన్ని ఎడమవైపు పైన ఒకేచోట బిగించి, ఒకే దూరం నుంచి ఫొటోలు తీసి, రంగు తీసేసి, అన్నిటినీ ఒకే పరిమాణంలో ముద్రించాను. పేర్లున్న అంచులు కత్తిరించేశాను. మా ఆవిడ వాటిని కలిపి బల్ల మీద పరిచి ఇస్తే, టంకశాల పేరు చెప్పడం నా వంతు.

మొదటిసారి పరిచినప్పుడు ఆవిడ కాసేపు చూసి, "ఏమండీ, వీళ్లంతా అన్నదమ్ములా?" అంది. ఆ నలుగురూ కోరుకున్నది సరిగ్గా అదే. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చి మూలన ఊదారంగు రాతిలో నలుగురు పాలకులు ఇద్దరిద్దరుగా కౌగిలించుకుని నిలబడ్డ శిల్పం ఉంది. అందులో ఎవరు ఎవరో తేల్చడం కష్టం. మనిషి ముఖ్యం కాదు, పదవి ముఖ్యం, నలుగురూ ఒకటే అని చెప్పడమే దాని ఉద్దేశం. నాణేల మీది పలక దవడ, పొట్టి గడ్డం, లావు మెడ కూడా ఆ మాటే చెబుతాయి.

బల్ల మీద ముఖాలు గుంపులుగా విడిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. విడిపోయింది మాత్రం పాలకుల వారీగా కాదు, ఊళ్ల వారీగా. జర్మనీలోని ట్రియర్, లండన్ నాణేల మీద తరచుగా ఛాతీ దాకా బొమ్మ ఉంటుంది, కవచం పట్టీలు కూడా కనిపిస్తాయి. తూర్పున ఇప్పటి టర్కీలోని అంతియోకు, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలలో మెడ దగ్గరే ఆపేస్తారు. నా దగ్గరున్న అలెగ్జాండ్రియా గలేరియస్‌కు కన్ను ముఖానికి మించి ఉంది. రెప్పలు రెండు లావాటి గట్లు, నడుమ కనుగుడ్డు బయటకు పొడుచుకొచ్చినట్టుంటుంది. అక్కడి టంకశాల అప్పటిదాకా గ్రీకు అక్షరాలతో ఈజిప్టుకే పరిమితమైన నాణేలు కొట్టేది. కొత్త నమూనా వచ్చింది కానీ చెయ్యి పాతదే. అంతియోకు డయొక్లీషియన్‌కు నుదురు, ముక్కు, గడ్డం ఒకే నిలువు గీతలో చెక్కినట్టుంటాయి, తల దాదాపు చతురస్రం. ట్రియర్ పనివాడు గడ్డాన్ని చిన్న చిన్న చుక్కలతో పొడుస్తాడు, మెడ కండరాన్ని కూడా వదలడు.

ఈ సూత్రానికి ఎదురు తిరిగింది ఒక్క కాన్‌స్టాన్షియసే. ట్రియర్ ఆయన సొంత రాజధాని. నా ట్రియర్ నాణెం మీద ఆయన ముక్కు కొసన స్పష్టంగా వంగి ఉంది, ముఖం పొడవు. 1922లో ఫ్రాన్స్‌లోని అరాస్ దగ్గర దొరికిన, ట్రియర్‌లోనే కొట్టిన బంగారు పతకం మీదా అదే ముక్కు. ఎదురుగా రోజూ కనిపించే మనిషిని పనివాడు పూర్తిగా వదులుకోలేకపోయాడని నా ఊహ. అదే కాన్‌స్టాన్షియస్ అంతియోకు చేరేసరికి ముక్కు నిటారై, ముఖం పలకై, డయొక్లీషియన్ అయిపోతాడు. పేరు కప్పేస్తే నేనే కాదు, ఎవరూ పోల్చలేరు.

రైల్లో ట్రియర్ వెళ్లి అక్కడి మ్యూజియంలో నాణేలు చూశాను. సందర్శకులంతా 1993లో దొరికిన 2,500కు పైగా బంగారు నాణేల నిధి ముందు గుమిగూడుతారు. కంచు నాణేల దగ్గర మాత్రం తోసుకునేవాళ్లు లేరు, తీరిగ్గా చూడవచ్చు. అక్కడి నాణేలు చూశాక నా జాబితాలో ఒక ప్రశ్నార్థకం కొట్టేశాను, రెండు కొత్తవి చేర్చాను.

మనవైపు కూడా ఇలాంటి చిక్కుముడే ఉందని తర్వాత గుర్తొచ్చింది. నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 1906లో దొరికిన 13 వేలకు పైగా వెండి నాణేలు క్షత్రప రాజు నహపాణుడివి. వాటిలో ఎక్కువ భాగం మీద మన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. వాటి మీద నహపాణుడి ముఖం ఒకచోట యువకుడు, మరోచోట బుగ్గలు జారిన ముసలివాడు. ముక్కులూ కలవవు. అవి ఒకే మనిషి బొమ్మలా, కుటుంబంలోని వేర్వేరు వాళ్లవా అని పండితులు తలపట్టుకున్నారు. నా నాణేల బల్ల దగ్గర కూర్చున్నాక నాకు మొదటి మాటే సబబుగా తోస్తోంది. ఒకే రాజు, చాలామంది పనివాళ్లు.

ఇప్పుడు నా చూపు 310 తర్వాతి నాణేల మీద ఉంది. అప్పటికి ట్రియర్‌లో కాన్‌స్టాన్షియస్ కొడుకు కాన్‌స్టంటైన్ గడ్డం తీసేసి, పొడవాటి మెడతో, యువకుడిలా కనిపిస్తున్నాడు. అదే సమయంలో తూర్పున ఇంకో చక్రవర్తి మాక్సిమినస్ డయా పాలించే చోట్ల టంకశాలలు కాన్‌స్టంటైన్ పేరుతో కొట్టినవాటి మీద పాత పలక ముఖమే ఉంది, అంటే పేరు ఒకరిది, దవడ డయాది. వాటిలో అంతియోకు నాణెం, అక్షరాలు చెరగనిది, పాత రశీదుతో సహా కావాలి. ఒక అమ్మకందారు దగ్గర ఉంది కానీ జుట్టు గీతలు మరీ పదునుగా కనిపిస్తున్నాయి. వచ్చే సంతకు భూతద్దం పట్టుకెళ్తాను.