లక్నోలో సాహ్నీ రాళ్ళ మధ్య

ఇమాంబాడా గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. నేను లక్నో వెళ్ళింది బీర్బల్ సాహ్నీ సంస్థ చూడటానికి. చార్‌బాగ్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి గోమతి దాటితే యూనివర్సిటీ రోడ్డు. అక్కడుంది, మొక్కల శిలాజాల కోసమే సాహ్నీ అనే వృక్షశాస్త్రవేత్త పట్టుబట్టి పెట్టించిన సంస్థ.

లోపల మ్యూజియంలో మొదట కళ్ళబడింది గ్లాసోప్టెరిస్ ఆకు. నాలుకలా పొడవుగా, మధ్యలో ఈనెతో, రాతి మీద అచ్చుపడి ఉంది. మన సింగరేణి బొగ్గు ఏర్పడింది ఈ మొక్కలు పెరిగిన కాలపు అడవుల నుంచే. ఇంత దూరం వచ్చి చూస్తున్నది మన ఊరి చుట్టాన్నే అనిపించి నవ్వొచ్చింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం రాజమహల్ కొండల సరుకు. ఇప్పటి జార్ఖండ్‌లో, దాదాపు 12 కోట్ల ఏళ్ళ కిందట, లావా పొంగిన విరామాల్లో అక్కడ మొక్కలు పెరిగాయి. సిలికా కలిసిన నీరు వాటి కణాల్లోకి ఇంకి గట్టిపడటంతో కణం గోడలతో సహా రాయిగా మిగిలాయి. ఆ రాయిని వెలుగు దూరేంత పలుచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడతారు. చిక్కేమిటంటే, కాండం ఒకచోట, ఆకు ఒకచోట, కాయ ఇంకోచోట దొరుకుతాయి. దేనికి దానికే వేరే పేరు. నిపానియా గ్రామం దగ్గర దొరికిన ముక్కలు అలాంటివే: పెంటాక్సిలాన్ కాండం, నిపానియోఫిల్లం ఆకు, కార్నోకొనైటిస్ కాయ. ఇవన్నీ ఒకే రకం మొక్కవని 1948లో తేల్చి, పెంటాక్సిలీ అనే కొత్త వర్గాన్ని ప్రతిపాదించింది సాహ్నీయే. అంతకుముందు 1932లో విలియమ్‌సోనియా సీవార్డియానా అనే మొక్కకి ఇలాగే పూర్తి రూపం కట్టి, కేంబ్రిడ్జిలో తన గురువైన సీవార్డ్ పేరు పెట్టారు.

ముక్కలు అతకడంలో ఎంత ప్రమాదముందో ఆయనకి చిన్నప్పుడే తెలుసు. 1891లో పంజాబ్‌లోని భేరాలో పుట్టి, లాహోర్‌లో చదివి, కేంబ్రిడ్జి చేరిన కుర్రాడు గింకో చెట్టు బీజాండాల్లో, అంటే విత్తనాలుగా మారే భాగాల్లో, వేరే మొక్కల పుప్పొడి ఉండటం గమనించాడు. బతికున్న చెట్టులోనే పరాయి పుప్పొడి దూరుతుంటే, శిలాజ విత్తనంలో కనిపించే పుప్పొడి ఆ మొక్కదేనని ఎలా అంటాం? 1915లో దీని మీదే పత్రం రాశాడు.

ఆయన జీవితంలో నాకు బాగా ఆసక్తి కలిగించేది దీని తర్వాతి కథ. పంజాబ్ ఉప్పు కొండల్లోని ఉప్పు పొరలు ఎప్పటివనే వాదం 1940లలో భూగర్భ శాస్త్రవేత్తల్ని రెండుగా చీల్చింది. ఉప్పులో దొరికిన సూక్ష్మ వృక్ష శకలాల్ని బట్టి అవి ఇయోసీన్ కాలానివని, అంటే ఐదు కోట్ల ఏళ్ళ చుట్టుపక్కలవని, సాహ్నీ గట్టిగా వాదించారు. ఆ శకలాలు బయటి నుంచి చేరినవని అవతలివాళ్ళు. చివరికి ఆ పొరల వయసు 50 కోట్ల ఏళ్ళకి పైమాటేనని తేలింది. పరాయి పుప్పొడితో జాగ్రత్త అన్న మనిషే అక్కడ పడ్డారు! దీనివల్ల ఆయన మీద నాకు గౌరవమేమీ తగ్గలేదు. అంత నిశితమైన కన్ను కూడా తప్పిపోయేంత గడ్డు పని అది.

1921 నుంచి లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడు, 1936లో రాయల్ సొసైటీ ఫెలో. అదే ఏడు రోహతక్ దగ్గర ఖోక్రా కోట్ దిబ్బలో యౌధేయులనే ప్రాచీన గణం వాళ్ళ నాణేల అచ్చులు చూసి, పాత నాణేలు పోతపోసిన పద్ధతి మీద కూడా పెద్ద పరిశోధన చేశారు. ముక్కలు కనిపిస్తే ఊరుకోలేని మనిషి.

సంస్థ శంకుస్థాపన శిల కూడా మామూలు రాయి కాదు. రకరకాల చోట్ల నుంచి తెచ్చిన 77 శిలాజాల్ని సిమెంటులో పొదిగారు. పేర్లు గుర్తుపట్టే పనిలో పడి కాసేపు అక్కడే ఉండిపోయాను. కొన్నిటినైనా పోల్చుకున్నాను, చాలావాటికి చేతులెత్తేశాను. నెహ్రూ దాన్ని ఉంచింది 1949 ఏప్రిల్ 3న. వారం తిరిగేసరికి సాహ్నీ గుండెపోటుతో పోయారు. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు. సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

గోడలు లేచింది ఆ తర్వాతే. ఆయన భార్య సావిత్రి సాహ్నీ శాస్త్రవేత్త కాదు. అయినా సంస్థ భారం నెత్తికెత్తుకుని భవనం పూర్తి చేయించారు. 1953 జనవరి 2న నెహ్రూయే వచ్చి ప్రారంభించారు. 1969లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. సాహ్నీ గురించిన వ్యాసాల్లో ఆవిడకి దక్కేది రెండు మూడు వాక్యాలు, ఇందులోనూ అంతే. నన్నడిగితే ఈ భవనంలో సగం పేరు ఆవిడది.