కొండ కింద ఊళ్ళో శనివారం

మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు ఎక్కువగా పడమటి వైపు స్థిరపడ్డారు. టార్నీట్, పాయింట్ కుక్ వైపు వెళ్తే తెలుగు మాట చెవిన పడకుండా కూరగాయలు కొనుక్కుని రావడం కష్టం. మేం సరిగ్గా ఎదురు దిక్కున, డాండెనాంగ్ కొండల కింద ఉన్న ‘ది బేసిన్’లో ఇల్లు కొనుక్కున్నాం. “అడవిలో కాపురం ఎలా ఉంది?” అని పలకరిస్తారు స్నేహితులు. అడవి కాదు మహాప్రభో, నాక్స్ మునిసిపాలిటీలో ఉన్న శివారే. చెత్తబండి వస్తుంది, బస్సు తిరుగుతుంది. రైలు కావాలంటే మాత్రం బొరోనియా దాకా వెళ్ళాలి. మౌంటెన్ హైవే, ఫారెస్ట్ రోడ్డు కలిసే చోట ముక్కోణంలో కాస్త జాగా, దాని చుట్టూ గుప్పెడు దుకాణాలు. ఊరి నడిబొడ్డు అంతే. వాటి వెనక నుంచే కొండ మొదలవుతుంది. పైన మౌంట్ డాండెనాంగ్ శిఖరం, 633 మీటర్లు.

ఆ కొండ మాకు తూర్పున ఉంది. ఇక్కడి దినచర్య సగం దీన్నిబట్టే నడుస్తుంది. ఇక్కడ చలికాలమైన జులైలో ఏడున్నర దాటాక సూర్యోదయం అని ఫోను చెబుతుంది కానీ ఎండ మా పెరట్లోకి రాదు. ముందు కొండ దాటాలి, తరువాత మా వీధిలోని యూకలిప్టస్ చెట్లు దాటాలి. ఈలోగా ఆ దుకాణాల్లోని కేఫ్ ముందు బల్లల మీద ఎండ పడిపోతుంది, అక్కడ రోడ్డు వెడల్పు కాబట్టి. పదింటికి జనమంతా కుక్కపిల్లలతో సహా అక్కడ చేరితే నగరం నుంచి వచ్చినవాళ్ళు అదేదో ఫ్యాషన్ అనుకుంటారు. చలి కాచుకోవడానికి వచ్చినవాళ్ళు, ఎలాగూ వచ్చాం కదా అని తింటున్నారు, అంతే.

శనివారం పొద్దున ఆ కేఫ్‌లో కాఫీ వరుసలో నిలబడి చూడాలి. ఒకవైపు సైకిల్ వాళ్ళు. ఇక్కడి నుంచి కొండ మీది ససాఫ్రాస్ ఊరి వరకు దాదాపు 7 కిలోమీటర్ల ఎక్కుడు దారిని ‘వన్ ఇన్ ట్వంటీ’ అంటారు, ఇరవై మీటర్లకు ఒక మీటరు లేస్తుందని. మెల్‌బోర్న్ సైకిల్ ప్రియులకు అదొక మొక్కు. ఒంటికి అతుక్కున్న రంగుల బనీన్లు, నడిస్తే టకటకలాడే బూట్లు, వసంతకాలంలో అయితే హెల్మెట్ మీద నిటారుగా నిలబెట్టిన, తీగలు కట్టే ప్లాస్టిక్ టైలు. గూళ్ళు కట్టే రోజుల్లో మాగ్‌పై పిట్టలు వెనక నుంచి వచ్చి తల మీద పొడుస్తాయి, వాటిని బెదరగొట్టడానికి ఆ ఏర్పాటు. పిట్టలు బెదిరినట్టు నాకైతే ఎప్పుడూ కనిపించలేదు.

ఇంకోవైపు మనవాళ్ళు. అదే మౌంటెన్ హైవే మీద శ్రీ వక్రతుండ వినాయక ఆలయం ఉంది. నుదుట విభూతి, పట్టుచీర మీద చలికోటు, చేతిలో ప్రసాదం పొట్లం, కాఫీ వరుసలో మేమూ. ఒకసారి నా ముందున్న సైకిల్ ఆయన మా అత్తగారి చేతిలోని చక్కెర పొంగలి వంక చూసి అదేమిటని అడిగాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, వివరించే ఓపికా లేదు. “చెయ్యి పట్టు నాయనా” అని తెలుగులోనే చెప్పి, అరచేతిలో ఒక ముద్ద పెట్టేశారు. ఆయన నెయ్యి అంటిన చేతి తొడుగు వంక చూసుకుని, జీడిపప్పుతో సహా తిని, కొండెక్కాడు.

శనివారం నేను గుడ్డు ముట్టను. బ్రంచ్ (ఫలహారం, భోజనం కలిపి ఒకటే పూట) పట్టికలో గుడ్డు లేనిది దొరకాలంటే భూతద్దం కావాలి. కాల్చిన సావర్‌డో రొట్టె, దాని మీద చిదిపిన ఆవకాడో, నలిపి చల్లిన ఫెటా చీజ్, పక్కన నిమ్మచెక్క, ఇంతవరకు శుభం. అన్నిటి మీదా పెళ్ళి పెద్దలా ఒక గుడ్డు కూర్చుంటుంది. దాన్ని తీసేసి వెన్నలో వేయించిన పుట్టగొడుగులు వెయ్యమంటాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను చూడగానే “ఈ రోజు శనివారం కదా” అని తనే రాసుకుంటుంది. పైన దుక్కా అని ఒక పొడి చల్లుతారు. ఈజిప్టు వంటకం. వేయించిన గింజలు, ధనియాలు, జీలకర్ర, నువ్వులు బరకగా దంచినది. అత్తగారు వేలితో అద్ది నాలుక మీద వేసుకుని, “ఎండుమిరపకాయలు మరిచిపోయారు” అని తేల్చేశారు. ఆవిడ మాట నిజమే. ఇంట్లో నేను నాలుగు మిరపకాయలు వేసి దంచుకుంటాను, ఇడ్లీలోకి భేషుగ్గా ఉంటుంది.

ఆవకాడో రొట్టెకు ఇప్పుడు 24 డాలర్లు. 2016లో బెర్నార్డ్ సాల్ట్ అనే జనాభా విశ్లేషకుడు పత్రికలో రాస్తూ, 22 డాలర్లు పెట్టి ఇది తినే కుర్రవాళ్ళు ఆ డబ్బు ఇంటికి దాచుకోవచ్చు కదా అన్నాడు. రాసింది మధ్యవయసువాళ్ళ సణుగుడును ఎగతాళి చేస్తూనే. కానీ దేశమంతా ఆ ఒక్క ముక్కే పట్టుకుని నెలల తరబడి కొట్టుకుంది. ఆ ధరల గొడవ అత్తగారికి పట్టలేదు. ఆవిడ సందేహం వేరు. పదకొండింటికి ఇంత తిని ఇంటికి వచ్చాక, “మరి మధ్యాహ్నం అన్నం వండాలా, వద్దా?” ఇంతవరకు నా దగ్గర దీనికి జవాబు లేదు. రసం పెడతాను. మూడింటికి అందరూ తింటారు.

మీరెవరైనా వస్తే శనివారం రాకండి, బుధవారం రండి. అసలు ఊరు అప్పుడు కనిపిస్తుంది. ఇళ్ళన్నీ వాలు మీద, చెట్ల చాటున ఉంటాయి. మా వీధిలో నడకబాట కూడా లేదు, గేటు దగ్గర నిలబడి కబుర్లాడే అలవాటు ఎవరికీ లేదు. అందుకని పని ఏదున్నా కేఫ్‌లోనే తేలాలి. గోడ మీది బోర్డు చదివితే చాలు: పిల్లి తప్పిపోయింది, కట్టెపొయ్యికి ఎండు కట్టెలు క్యూబిక్ మీటర్ల లెక్కన అమ్మబడును, పియానో ఉచితం కానీ మీరే మోసుకుపోవాలి. కౌంటర్ మీద అగ్నిమాపక దళం విరాళాల డబ్బా ఉంటుంది. విక్టోరియా గ్రామీణ అగ్నిమాపక దళంలో చాలామంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. నాకు కాఫీ అందించే కుర్రవాడు పేజర్ మోగితే ఏప్రాన్ విప్పి పరుగెత్తడం చూశాను. మిగిలిన కాఫీలు యజమానురాలే కలిపింది, ఒక్కరూ విసుక్కోలేదు.

విసుక్కోరు మరి. ఈ కొండవాలు మీదే డూంగల్లా అనే పెద్ద భవనం ఉండేది, 1932 కార్చిచ్చులో కాలిపోయింది. ఇప్పుడక్కడ పచ్చిక మీద పులిహోర డబ్బా విప్పుకుని కూర్చుంటాం. మా పక్కింటి పెద్దాయన 1983 ఫిబ్రవరి 16 గురించి, ఆ రోజు ఆకాశం రంగు గురించి, ఎవరూ అడగకుండానే చెబుతారు. ఆ యాష్ వెడ్నెస్‌డే మంటల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి 75 మంది పోయారు. ఇప్పుడు ప్రమాద సూచిక నాలుగు మెట్లు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కేటస్ట్రోఫిక్. నాలుగోది వచ్చిందంటే మంట కనిపించేదాకా ఆగకుండా ముందే ఊరు వదిలి వెళ్ళాలి. వేసవిలో మా గుమ్మం పక్కన ఒక సంచి ఉంటుంది: పాస్‌పోర్టులు, ఇంటి పత్రాలు, మందులు, మామగారి ఫోటో. తక్కినవి బీమా వాళ్ళు చూసుకుంటారు.

చలికాలంలో ఇంకో తంటా. 2021 జూన్ తుఫానుకు పైన కలోరమా, ఒలిండా ఊళ్ళలో మహావృక్షాలు ఇళ్ళ మీద పడ్డాయి, వారాల తరబడి కరెంటు లేదు. అప్పుడు పైవాళ్ళు కిందికి వచ్చి కేఫ్‌లో ఒక కాఫీ చెప్పి, ఉన్న ప్లగ్గులన్నిటికీ ఫోన్లు తగిలించి కూర్చునేవారు. లేవమన్నవాళ్ళు లేరు.

రోజువారీ పోరు మాత్రం కాకటూ చిలుకలతో. పసుపు కుచ్చు, తెల్లటి ఒళ్ళు, ఫోటోల్లో ఎంత ముద్దో. అరటిగెల ఒలిచినంత తీరిగ్గా మా వరండా చెక్క కమ్మీ ఒలిచేసింది ఒకటి. ఆకలికి కాదు, ముక్కు అరగదీసుకోవడానికట. నేను కిటికీ కొడితే తల ఒక పక్కకు వంచి చూసి, నోట్లో ఉన్న చెక్క పేడును నా ముందే కింద పడేసి, మళ్ళీ మొదలుపెట్టింది. కూకబర్రా పిట్టల తీరు వేరు, కేఫ్ బయట కూర్చుంటే ఫోర్కు మీది బేకన్ ముక్కను ఎగిరి వచ్చి పట్టుకుపోతాయి. నా పుట్టగొడుగుల జోలికి ఎప్పుడూ రాలేదు.

వచ్చేవాళ్ళు రెండు గుర్తుపెట్టుకోండి. రెండున్నరకు వంటగది కట్టేస్తారు, మూడు దాటితే కాఫీ కూడా పుట్టదు. మలుపుల్లో కారు ఆపకండి, సైకిల్ వాళ్ళు కొండ మీద నుంచి గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో దిగుతుంటారు. ఈ శనివారం మాత్రం నన్ను కేఫ్‌లో వెతకొద్దు. వేసవి వస్తోంది, చూరు కాలవల నిండా ఎండాకులే. పక్కింటి పెద్దాయన నిచ్చెన ఇస్తానన్నారు, ఎక్కడానికి మోకాళ్ళు సహకరించవట. రెండిళ్ళ కాలవలూ నేనే తీయాలి, కాఫీ ఆయన తెస్తారు. గుడ్డు లేని రొట్టె కూడా తెమ్మని చెప్పాను.